అనంతపురంలో ఎనిమిది ఆదివారాలు: లాక్, రూసో, కాంట్‌లను చదివించిన ఒక మేడ మీది క్లాసు

"ఒప్పందమంటే సంతకాలు పెట్టాల కదా టీచర్. దీని మీద ఎవరు పెట్టినారు?"

తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం పాఠం చెబుతున్నాను. రూసో సామాజిక ఒడంబడిక గురించి చెప్పాడని బోర్డు మీద రాసి, ఒడంబడిక అంటే ఒప్పందమే అన్నాను. అనేసరికి మూడో బెంచీలో పిల్ల లేచి ఇలా అడిగింది. వాళ్ళ నాయన నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. కౌలు కాగితం ఇంట్లో ఏ డబ్బాలో దాస్తారో కూడా ఆ పిల్లకు తెలుసు. ఒప్పందం అనే మాట దానికి పుస్తకంలో మాట కాదు. నేను "అది నిజంగా రాసుకున్న కాగితం కాదమ్మా, ఒక ఆలోచన" అని చెప్పి తర్వాతి పేరాకు పోయాను. పోయానే గానీ బస్సులో అనంతపురం చేరేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పదహారేళ్ళుగా సోషల్ చెబుతున్నాను, పొలిటికల్ సైన్సులో పీజీ చేశాను. ఆ పిల్లకు చెప్పడానికి నా దగ్గర ఒక్క సరైన వాక్యం లేకపోయింది.

ఆ ప్రశ్న పట్టుకునే, యూరపు జ్ఞానోదయ కాలపు ఆలోచనాపరులను చదివించే ఈ క్లాసులో చేరాను. సాయినగర్ వైపు ఒక రిటైర్డ్ డిగ్రీ కాలేజీ లెక్చరర్ గారు తమ ఇంటి మేడ మీద ఆదివారాలు చెబుతారు. బోర్డు లేదు, పాంప్లెట్లు లేవు, ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి సార్ అనే రాస్తాను. ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా, మొత్తం ఎనిమిది ఆదివారాలు. ఫీజు 1,200 రూపాయలు, చదువుకుంటున్న పిల్లలకు 600. మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఎక్కువ, ఇద్దరు జేఎల్‌కు (జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి) ప్రిపేర్ అయ్యేవాళ్ళు, బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన, నేను.

ఇంతకుముందు నేను డబ్బు కట్టిన ఇంకో కోచింగ్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే దీని విలువ తెలియదు. ఆ సెంటర్ పేరు, ఊరు చెప్పను. జేఎల్ నోటిఫికేషన్ వస్తుందన్న ఆశతో పాశ్చాత్య రాజనీతికి 9,000 కట్టాను. ఇచ్చింది ఒక బిట్ బ్యాంకు. లాక్ అంటే సహజ హక్కులు, మాంటెస్క్యూ అంటే అధికార పృథక్కరణ, రూసో అంటే జనేచ్ఛ. ఆన్సర్ టిక్ పెట్టు, పేజీ తిప్పు. "నీ అభిప్రాయంతో నేను ఏకీభవించను, కానీ అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమైనా ఇస్తాను, అన్నది ఎవరు?" అనే బిట్‌కు జవాబు ఫ్రెంచి రచయిత వోల్టేర్ అని అచ్చు వేశారు. నేనూ అదే నేర్చుకున్నాను. అదే ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పాను, గోడ మీద చార్టు కూడా రాయించాను.

సార్ క్లాసులో నాలుగో ఆదివారం ఈ మాట వచ్చింది. ఆయన అడిగిందొక్కటే: "ఏ పుస్తకంలో రాసినాడు?" పద్నాలుగు మందిలో ఒక్కరమూ చెప్పలేకపోయాం. అది వోల్టేర్ రాసిన వాక్యం కాదట. 1906లో ఎవెలిన్ బీట్రిస్ హాల్ అనే ఇంగ్లీషు రచయిత్రి వోల్టేర్ గురించి రాస్తూ, ఆయన వైఖరి ఇలా ఉండేదని తన మాటల్లో పెట్టిన వాక్యం. జనం దాన్ని ఆయన నోట్లో పెట్టేశారు. నాకు చాలా బాధనిపించింది. ఎవరో చెప్పారని నమ్మకండి, మీరే చూసుకోండి అని జీవితమంతా పోట్లాడిన మనిషి పేరు మీదే, నేను చూసుకోకుండా ఎన్నేళ్ళు చెప్పాను! చార్టు మర్నాడే తీయించాను.

క్లాసు నడిచే పద్ధతి ఇది. ప్రతి ఆదివారం రెండు పేజీల జిరాక్సు ఇస్తారు. అసలు పుస్తకంలోంచి ఒక ముక్క తీసుకుని సార్ స్వయంగా తెలుగు చేసి, చేత్తో రాసింది. వంతులవారీగా పైకి చదవాలి. చదివాక ఒకరు ఆ రచయిత తరఫున, ఒకరు ఎదురుగా మాట్లాడాలి. సార్ మధ్యలో "ఎందుకు?" అని మాత్రమే అడుగుతారు. మొదటి రెండు వారాలు నాకు టెన్షన్‌గా ఉండేది. నేను క్లాసులో ప్రశ్నలు అడిగే మనిషినే గానీ, ఇరవై రెండేళ్ళ పిల్లల ముందు జవాబు చెప్పాల్సి రావడం వేరు.

మొదటి ఆదివారం జర్మన్ తత్వవేత్త కాంట్. 1784లో బెర్లిన్ పత్రిక ఒకదానికి ఆయన రాసిన వ్యాసం, జ్ఞానోదయం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు. అందులో కీలకమైన మాటను సార్ "మైనరుతనం" అని తెలుగు చేశారు. ఇది నాకెంతో నచ్చింది. అపరిపక్వత అని రాస్తే ఎవరికీ అంటదు. మైనరు అంటే ఏమిటో, మైనరు సంతకం ఎందుకు చెల్లదో, గార్డియన్ ఎవరో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. మనిషి తనంతట తాను తెచ్చిపెట్టుకున్న మైనరుతనంలోంచి బయటికి రావడమే జ్ఞానోదయం అంటాడు కాంట్. తెలివి లేక కాదు, ఇంకొకరి ఆసరా లేకుండా దాన్ని వాడే ధైర్యం లేక. నా బదులు అర్థం చేసుకోవడానికి ఒక పుస్తకం, నా మనస్సాక్షి బదులు ఒక మతగురువు, నా తిండి సంగతి చూడడానికి ఒక వైద్యుడు ఉంటే నాకింక కష్టమెందుకు, డబ్బు కట్టగలిగితే చాలు, ఆలోచించే పని లేదు అనే ధోరణిని ఆయన అక్కడ వర్ణిస్తాడు. ఆ వాక్యం చదవాల్సిన వంతు నాదే అయింది. బ్యాగులో ఆ 9,000 రూపాయల బిట్ బ్యాంకు ఉంది, పోల్చి చూద్దామని తెచ్చుకున్నాను. బయటికి తీయలేదు.

ఆ వ్యాసంలోనే ఇంకో సంగతి ఉంది, నాలాంటి ఉద్యోగులకు అది ముఖ్యం. అధికారి డ్యూటీలో ఉన్నప్పుడు ఆజ్ఞ పాటించాలి, పన్ను కట్టాల్సినవాడు కట్టాలి. కానీ అదే మనిషి చదువుకున్న పౌరుడిగా ఆ ఆజ్ఞలో, ఆ పన్నులో తప్పేమిటో లోకానికి రాసి చెప్పవచ్చు, ఆ స్వేచ్ఛను ఎవరూ ఆపకూడదు అంటాడు కాంట్. దీని మీద గంటన్నర వాదన నడిచింది. బ్యాంకు పెద్దాయన కాంట్ వైపు, గ్రూప్స్ పిల్లలు ఎదురు. "పాటిస్తూనే విమర్శించు అంటే పాలకుడికి నష్టమేముంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. నాకు ఇప్పటికీ ఆ అమ్మాయి మాటే ఎక్కువ సరైనదనిపిస్తుంది. కాంట్ అప్పుడు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ రాజ్యంలో ఉన్నాడు, ఆ రాజును మెచ్చుకుంటూనే రాశాడు. అది మరిచిపోయి చదవకూడదు.

లాక్ క్లాసు బాగానే జరిగింది గానీ మామూలుగానే జరిగింది. ఆదాము నుంచి వారసత్వంగా రాజులకు అధికారం వచ్చిందన్న ఫిల్మర్ అనే ఇంగ్లీషు రచయిత వాదాన్ని లాక్ ఎలా ఖండించాడో, 1689లో ఆ ఖండన ఉన్న పుస్తకాన్ని తన పేరు లేకుండా ఎందుకు వేశాడో వివరంగా చెప్పారు. ప్రభుత్వం జనం సమ్మతి మీద నిలబడుతుందన్న అదే లాక్, బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటా పెట్టాడని కూడా దాచకుండా చెప్పారు. అక్కడ ఇంకాస్త సేపు ఆగి ఉండాల్సింది.

మాంటెస్క్యూ నాడు కరెంటు పోయింది. పైన రేకులు, బయట మండే ఎండ. సరిగ్గా ఆ రోజు జిరాక్సులో ఉన్నది వాతావరణం గురించిన భాగం. శాసనాలు చేసే అధికారం, అమలు చేసే అధికారం, తీర్పు చెప్పే అధికారం ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ ఉండదని చెప్పిన 1748 నాటి పుస్తకంలోనే, వేడి దేశాల మనుషులు పిరికివాళ్ళని, హిందూదేశం వాళ్ళకు సహజంగా ధైర్యం తక్కువని రాశాడు. రుజువుగా ఒక ప్రయోగం కూడా చెప్పాడు. గొర్రె నాలుకను గడ్డకట్టించి, భూతద్దంలాంటి పరికరంలో చూస్తే, దాని మీది సన్నటి బుడిపెలు ముడుచుకుపోయి కనిపించాయట. మంచు కరుగుతుంటే మళ్ళీ లేచాయట. దాన్ని బట్టి చలిదేశాల వాళ్ళకు ఇంద్రియాల చురుకు తక్కువని, వేడిదేశాల వాళ్ళకు ఎక్కువని తీర్మానించాడు.

కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఒక పిల్లోడు, వాళ్ళది గొర్రెలు కాచే ఇల్లే, చదవడం అయిపోగానే లేచాడు. "నాలుక గొర్రెది, మాట మాత్రం మనిషిది చెప్తాండాడు సార్. ఎండలో మంద వెంబడి పొద్దంతా తిరిగే మా తాతకు ధైర్యం లేదని ఈయప్పకు ఎవురు చెప్పినారు?" సార్ వెంటనే మెచ్చుకోలేదు. "కోపం సరే నాయనా, తప్పు ఎక్కడ జరిగిందో చూపించు" అన్నారు. పిల్లోడు కాసేపు ఆలోచించి చెప్పాడు: ఒక నాలుకను చూసి దేశాల మీదికి దూకినాడు, మధ్యలో మెట్లు లేవు, ఈ దేశం రాలేదు, ప్రయాణికులు రాసింది చదివి నమ్మినాడు. "అధికారాలు విడదీయాలన్న మాట మటుకు ఇంగ్లండుకు పోయి, చూసి వచ్చి రాసినాడు కదా సార్, అందుకే అది నిలబడింది" అన్నాడు. ఇంగ్లండు గురించి కూడా మాంటెస్క్యూ ఉన్నదున్నట్టు రాయలేదని సార్ తర్వాత సవరించారు. అయినా చెమటలు కారుతూ ఆ రేకుల కింద ఆ పిల్లోడు చేసిన వాదన, నేను పీజీలో రెండేళ్ళు విన్న లెక్చర్లన్నిటికంటే నాకు బాగా గుర్తుంది.

వోల్టేర్ క్లాసు గురించి చెప్పకుండా ఉండలేను. 1762లో ఫ్రాన్సులోని తూలూజ్‌లో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంట్ బట్టల వ్యాపారిని, కొడుకు క్యాథలిక్ మతంలోకి మారకుండా చంపేశాడన్న నేరం మోపి, చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. వోల్టేర్ మొదట ఎటూ తేల్చుకోలేదు. వాళ్ళవాళ్ళను పిలిపించి మాట్లాడాడు, ఉత్తరాలు రాసి వివరాలు తెప్పించాడు, సాక్ష్యం లేదని తేలాకే కలం పట్టాడు. 1765లో కలాస్ నిర్దోషి అని తేల్చారు. ఇది కొంత తెలిసిందే. తెలియంది లాలీ సంగతి. మన పిల్లలందరికీ లాలీ తెలుసు, వందవాసి యుద్ధంలో 1760లో ఓడిపోయిన ఫ్రెంచి సేనాని, బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి పిలిపించినవాడు. అక్కడితో మన పాఠంలో ఆయన కథ అయిపోతుంది. 1761లో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాక, దేశద్రోహమని నేరం మోపి 1766లో పారిస్‌లో తల నరికారు, మాట్లాడకుండా నోరు బిగించి మరీ తీసుకెళ్ళారు. లాలీ మంచివాడు కాదని తెలిసి కూడా వోల్టేర్ ఆయన కేసు పట్టుకుని ఏళ్ళ తరబడి రాశాడు. ఓడిపోవడం వేరు, ద్రోహం వేరు అన్నదే ఆయన వాదన. ఆ తీర్పు కొట్టేశారన్న కబురు 1778 మేలో మరణశయ్య మీద ఉండగా తెలిసింది. లాలీ కొడుక్కి చిన్న ఉత్తరం రాయించి నాలుగు రోజులకు చనిపోయాడు. కర్ణాటక యుద్ధాలు ఎన్నిసార్లు చెప్పానో. ఆ పేరుకు అటువైపు ఇంత కథ ఉందని ఒక్కసారీ వెతకలేదు.

ఇక నా ప్రశ్న. అయిదో ఆదివారం రూసో, 1762 నాటి సామాజిక ఒడంబడిక. చదవడం పూర్తయ్యాక నేను చెయ్యెత్తి, ఇది నా స్టూడెంట్ ప్రశ్న సార్ అని చెప్పి అడిగాను. సార్ ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. లోపలికి పోయి ఇంకో జిరాక్సు తెచ్చి నా చేతిలో పెట్టారు. డేవిడ్ హ్యూమ్, స్కాట్లండు మనిషి, 1748లో అచ్చయిన వ్యాసం. "ఆ పాప అడిగింది ఈయన అడిగిందేనమ్మా" అన్నారు.

హ్యూమ్ అంటాడు, ఈ ఒప్పందం ఎక్కడ జరిగింది, ఏ చెట్టు బెరడు మీద రాశారు? చాలా ప్రభుత్వాలు దండయాత్రతోనో కబ్జాతోనో మొదలైనవే. మనం ఈ దేశంలో ఉంటున్నాం కాబట్టి ఒప్పుకున్నట్టే అంటారా? అయితే నిద్రపోతున్న మనిషిని మోసుకుపోయి ఓడలో పడుకోబెట్టారనుకోండి. వాడు లేచేసరికి ఓడ నడిసముద్రంలో ఉంది. దిగాలంటే నీళ్ళలో దూకి చావాలి. దిగలేదు కాబట్టి కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నాడు అంటే అది ఒప్పుకోవడమేనా?

ఆ మేడ మీద నేను ఆ పేరా రెండుసార్లు చదివాను. రూసో తరఫున ఏం జవాబు చెప్పవచ్చో కూడా సార్ చెప్పించారు. రూసో చెప్పేది ఎప్పుడో జరిగిన సంతకం కథ కాదు, అధికారం న్యాయమైనదని ఎప్పుడు అనవచ్చు అన్న కొలబద్ద అని ఒకబ్బాయి బాగా వాదించాడు. నాకు ఆ జవాబు సగం నచ్చింది, సగం నచ్చలేదు. మర్నాడు బడికి పోయి, సిలబస్ అయిపోయిన పాఠమే అయినా పది నిమిషాలు తీసుకుని ఓడ కథ చెప్పాను. ఆ ప్రశ్న 1748లో ఒక తత్వవేత్త అడిగాడని చెబితే ఆ పిల్ల ముఖం చూడాలి మీరు. కూర్చోలేదు, ఇంకోటి అడిగింది. "మా నాయన కౌలు కాగితం కూడా అట్లే కదా టీచర్? భూమి లేనోడు సంతకం పెట్టక ఏం చేస్తాడు?" ఈసారి నేను తర్వాతి పేరాకు పోలేదు. ఆ పీరియడ్ అంతా దాని మీదే మాట్లాడుకున్నాం.

ఏడో ఆదివారం ఆడమ్ స్మిత్‌తో మొదలై మన జిల్లాకు వచ్చింది. 1776 పుస్తకంలో స్మిత్ ఈస్టిండియా కంపెనీని దుయ్యబట్టాడు. వ్యాపారం చేసేవాళ్ళే రాజ్యం ఏలితే ఎంత అన్యాయమో రాశాడు. ఆయన పాఠాలు చెప్పిన గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే, ఆయన వెళ్ళిపోయాక కొన్నేళ్ళకు, థామస్ మన్రో చదువుకున్నాడు. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి ఇచ్చాక 1807 దాకా ఇక్కడ కలెక్టరు. రైతుతో నేరుగా లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతి, పొలం పొలానికీ సర్వే, వెళ్ళేముందు శిస్తు నాలుగో వంతు తగ్గించమన్న సిఫారసు, ఇవన్నీ మనం గొప్పగా చెప్పుకుంటాం. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో పూడ్చారని కూడా ఇక్కడ చాలామందికి తెలుసు. కానీ అదే మన్రో 1822లో, మద్రాసు గవర్నరుగా, ఈ దేశంలో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వడం ప్రమాదమని నోటు రాశాడు. పరాయి పాలన, స్వేచ్ఛ ఉన్న పత్రికలు ఒకచోట ఇమడవన్నది ఆయన వాదన. కాంట్ జిరాక్సు పక్కన దీన్ని పెట్టి చదివించారు సార్. రైతు మంచి కోరిన అదే చెయ్యి, రైతు మేజరు కావడానికి ఒప్పుకోలేదు. మన్రోను దేవుడిలా చెప్పే నాలాంటి అనంతపురం టీచర్లందరూ ఈ ఒక్క క్లాసైనా వినాలి.

లోపాలు కూడా చెబుతాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, రెయిలింగ్ ఒకవైపే ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. జిరాక్సులు కొన్ని మసకగా వచ్చాయి, చేతిరాత కాబట్టి చదవడానికి కళ్ళు గుంజుతాయి. ఒంటిగంట అంటే ఎప్పుడూ ఒకటిన్నరే. ఊళ్ళనుంచి వచ్చే పిల్లలకు బస్సు పోతోంది. ఒక వారం మిస్సయితే రికార్డింగ్ లేదు. ఎగ్జామ్ రెండు నెలల్లో ఉందని బిట్లు కావాలనుకునేవాళ్ళు దయచేసి చేరకండి, ఇక్కడ ఒక్క బిట్ కూడా దొరకదు.

నాకు నిజంగా బాధ కలిగించింది మటుకు వేరే. ఆడవాళ్ళ గురించి ఎనిమిది వారాల్లో ఇచ్చింది చివరిరోజు అరగంట. స్త్రీ హక్కుల ప్రకటన 1791లో రాసి 1793లో గిలటిన్ కింద తల పోగొట్టుకున్న ఒలింప్ ద గూజ్ గురించి అయిదు నిమిషాలు. 1790లోనే స్త్రీలకు పౌరహక్కులు ఇవ్వాలని రాసిన కాండోర్సే గురించి, ఆ తర్వాత అరెస్టు తప్పించుకుని ఒక ఇంట్లో దాక్కుని కూడా మానవ ప్రగతి మీద పుస్తకం రాశాడని, 1794లో జైల్లో చనిపోయాడని ఇంకో అయిదు నిమిషాలు. మిగిలింది మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌కు. రూసో ఆడపిల్ల చదువు మగవాణ్ణి మెప్పించడానికే అన్నట్టు రాశాడని, 1792లో ఆమె ఆయన పేరు పెట్టి, పేజీ పేజీకీ జవాబు చెప్పింది. స్త్రీకి కూడా ఆలోచించే శక్తి ఉన్నప్పుడు దాన్ని పెంచుకునే చదువు ఆమెకెందుకు లేదు అన్నదే ఆమె పట్టుదల. ఆ క్లాసులో పద్నాలుగు మందిలో ఆరుగురం ఆడవాళ్ళం. సమయం అయిపోయిందని సార్ పుస్తకం మూస్తుంటే మాలో ఒక్కరికీ లేవబుద్ధి కాలేదు.

ఆ మాట సార్‌తోనే చెప్పాను. ఆయన వాదించలేదు. "నిజమేనమ్మా, నా తప్పే. వచ్చే బ్యాచ్‌లో ఆ ఆదివారం మీరే తీసుకోండి, రెండు పేజీలు తెలుగు చేసుకురండి" అన్నారు. కొత్త బ్యాచ్ దసరా సెలవులయ్యాక మొదలవుతుంది. రావాలనుకునేవాళ్ళు ఒక నోటుపుస్తకం, నీళ్ళ బాటిల్ తెచ్చుకోండి, వీలైతే కాంట్ ఎవరో తెలియకుండానే రండి.

నేను ఇప్పటికి పేజీన్నర తెలుగు చేశాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మాటిమాటికీ వాడే రీజన్ అనే మాటకు సార్ నోట్సులో అంతటా "వివేచన" అని ఉంటుంది. నాకేమో "బుద్ధి" అని రాయాలనిపిస్తోంది. మా అమ్మ బడికి పోలేదు. మేం ఏ పనిలోనైనా తప్పు చేస్తే "బుద్ధి పెట్టి చూడు" అనేది. మూడో బెంచీ పిల్లను కూడా అడుగుదామనుకుంటున్నాను, దానికి ఏ మాట బాగా అందుతుందో.